నవ్వకుండా నవ్వించే 60 సెకన్లు

(రేడియో ప్రకటనల రచయితలకు, సౌండ్ ఇంజినీర్లకు ఏర్పాటైన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక సంగతి తేల్చుకుని అసలు విషయంలోకి వెళదాం. మన దేశంలో రేడియోలో బీరు ప్రకటన వేయకూడదు. ఆకాశవాణి ప్రకటనల నియమావళి మద్యాన్ని, పొగాకును ఒప్పుకోదు. ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లు కూడా అనుమతి ఒప్పందం ప్రకారం అదే నియమావళికి కట్టుబడి ఉండాలి. మంచినీళ్ల సీసా పేరు చెప్పి, మ్యూజిక్ సీడీ పేరు చెప్పి వెనకదారిన మద్యం బ్రాండును వినిపించే పద్ధతిని 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు నిషేధించాయి. కాబట్టి ఇవాళ మీరు నేర్చుకునేది బీరు అమ్మడానికి కాదు. మరి బీరు గురించి ఎందుకంటారా? అమెరికా రేడియోలో నవ్వించే విద్యకు ఎక్కువగా సాన పట్టినవాళ్లలో బీరు కంపెనీలు ముందుంటాయి. ఆ విద్య సబ్బుకూ పనికొస్తుంది, సిమెంటుకూ పనికొస్తుంది.

వాళ్లే ఎందుకు పట్టారంటే దానికి కారణాలున్నాయి. మద్యనిషేధం సడలి 1933 ఏప్రిల్‌లో అక్కడ బీరు మళ్లీ చట్టబద్ధమైంది. అప్పటికే రేడియో చాలా ఇళ్లకు చేరింది. విస్కీ, జిన్ లాంటి సారాయి తయారీదార్లు 1936లో తమంతట తామే రేడియోకు దూరంగా ఉంటామని మాట అనుకున్నారు. 1996 దాకా ఆ మాట మీదే ఉన్నారు. అరవై ఏళ్లపాటు గాలిలో ఆ మైదానం బీరుకు, వైనుకు మాత్రమే దక్కింది. రెండో కారణం ఇంకా పెద్దది. అమెరికాలో ఎక్కువగా అమ్ముడుపోయే లేత రంగు లాగర్ బీర్ల మధ్య రుచిలో తేడా చెప్పడం రోజూ తాగేవాళ్లకే కష్టం. సరుకు గురించి చెప్పడానికి కొత్త మాట లేనప్పుడు, చెప్పే తీరులోనే కొత్తదనం వెతుక్కోవాలి. అందుకే ఆ రంగంలో తీరు మీద అంత డబ్బు, అంత శ్రద్ధ పెట్టారు.

ఇవాళ ప్రధానంగా ఒక్క ప్రచారాన్ని విప్పి చూద్దాం. బడ్ లైట్ బీరుకు డీడీబీ అనే ప్రకటనల సంస్థ షికాగో కార్యాలయం చేసిన రేడియో ప్రకటనల వరస అది. 1990ల చివర్లో 'రియల్ అమెరికన్ హీరోస్' అనే పేరుతో మొదలైంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తరవాత, నిజంగా ప్రాణాలొడ్డిన అగ్నిమాపక సిబ్బంది కళ్లెదుట ఉన్నప్పుడు, వీరులు అనే మాటతో పరిహాసం చేయడం తగదని పేరు మార్చి 'రియల్ మెన్ ఆఫ్ జీనియస్' అన్నారు. పేరు మారింది కానీ అచ్చు మారలేదు. వందకు పైగా ప్రకటనలు అదే అచ్చులో పోశారు. సీడీలుగా వేస్తే జనం డబ్బులిచ్చి కొనుక్కున్నారు. ప్రకటనను కొనుక్కుని వినడమంటే మామూలు సంగతి కాదు. కాన్స్ ప్రకటనల ఉత్సవంలో 2005లో రేడియో విభాగం తొలిసారి పెట్టినప్పుడు గ్రాండ్ ప్రి, అంటే అన్నిటికంటే పెద్ద బహుమతి, ఈ వరసకే వచ్చింది.

అచ్చు ఏమిటో చూడండి. గంభీరమైన గొంతు ఒకటి. పీట్ స్టాకర్ అనే ఆయనది. జాతీయ పండగనాడు స్మారక స్తూపం దగ్గర వినిపించే గొంతు అది. ఆ గొంతు ఎవరో ఒక అనామకుణ్ణి పొగుడుతుంది. బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆటశాలలో అద్దె బూట్లు అందించే మనిషి. నాసిరకం విగ్గు పెట్టుకు తిరిగే మనిషి. నూనెలో వేయించిన రొట్టె గిన్నెలో మాంసం, చీజు కుమ్మరించి దానికి 'సలాడ్' అని పేరు పెట్టిన మనిషి. ప్రతి పొగడ్త చివరా ఇంకో గొంతు పాటగా లేస్తుంది. 1980ల నాటి రాక్ పాటల ఉద్వేగంతో, గుండె చించుకుని, ఆ పొగడ్తకు వంత పాడుతుంది. ఆ పాడే ఆయన డేవ్ బిక్లర్. 1982లో ప్రపంచమంతా మోగిన 'ఐ ఆఫ్ ది టైగర్' పాట పాడింది ఆయనే. చివర్లో బీరు మాట ఒకటి, కంపెనీ పేరు, ఊరు. అంతే.

మన అలంకారశాస్త్రంలో దీనికి పేరుంది. వ్యాజస్తుతి. పైకి పొగడ్త, లోపల ఎత్తిపొడుపు. ఇక నిర్మాణం చూస్తే మన బుర్రకథ గుర్తుకు రాకుండా ఉండదు. కథకుడు కథ నడుపుతుంటే పక్కన వంతలు అందుకుంటారు. అయితే ఒక ముఖ్యమైన తేడా ఉంది, దాన్ని గట్టిగా పట్టుకోండి. బుర్రకథలో హాస్యం చెప్పే వంతకు తాను నవ్విస్తున్నానని తెలుసు. ఇక్కడ కథకుడికీ తెలియదు, వంతకూ తెలియదు. ఇద్దరూ నూటికి నూరుపాళ్లు నమ్మి చెబుతున్నారు. ఇది హాస్యమని తెలిసినవాడు ఒక్కడే, వినేవాడు. ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. మిగిలినదంతా దీన్ని కాపాడుకోవడానికి చేసే పని.

ఎందుకు కాపాడుకోవాలి? రేడియో స్పాట్, అంటే చిన్న ప్రకటన, ఒక్కసారి వినిపించి ఊరుకోదు. ఒకే శ్రోత చెవిన రోజుకు నాలుగైదుసార్లు, వారాలతరబడి పడుతుంది. చివర్లో మలుపు తిప్పి నవ్వించే జోకు రెండోసారికే చప్పబడుతుంది. మూడోసారికి విసుగు. పదోసారికి బ్రాండు మీద కోపం. మలుపు మీద ఆధారపడిన నవ్వు ఆయుష్షు ఒక్క వినికిడి. తీరులో ఉన్న నవ్వు అలా కాదు. ఆ గంభీరమైన గొంతుకూ, చెబుతున్న అల్పమైన విషయానికీ మధ్య ఉన్న దూరం ప్రతిసారీ అక్కడే ఉంటుంది. పాట మళ్లీ వినాలనిపించినట్టే ఇదీ మళ్లీ వినాలనిపిస్తుంది. అందుకే మీ స్క్రిప్టు చేతికి రాగానే మొదటి పరీక్ష ఇలా పెట్టండి: ఆఖరి వాక్యం కొట్టేసి చదవండి. ఇంకా నవ్వొస్తుంటే స్క్రిప్టు బతుకుతుంది. నవ్వంతా ఆ ఒక్క వాక్యంతోనే పోతే మళ్లీ రాయండి.

ఇప్పుడు రాసే పద్ధతికి వద్దాం.

నాయకుణ్ణి ఎంచుకోవడంతోనే సగం పని అయిపోతుంది. అతను అందరూ చూసినవాడై ఉండాలి, ఎవరూ పేరు పెట్టనివాడై ఉండాలి. పేరు వినగానే బొమ్మ కనిపించాలి. కులం, శరీరలోపం, పేదరికం మీద నిలబడే పేరైతే అక్కడే పక్కన పెట్టేయండి. అక్కడ పొగడ్త అన్నది ముసుగుగా మారి కింద తిట్టు మాత్రమే మిగులుతుంది. ఒక అలవాటునో, ఒక చిన్న పనినో పట్టుకోండి. వినేవాడు 'ఇది నేనే కదా' అని తనను చూసి తాను నవ్వుకునేలా ఉండాలి.

తరవాత ఆ మనిషి గురించి 30 నిజమైన గమనింపులు రాయండి. జోకులు రాయొద్దు, గమనింపులే రాయండి. చేయి ఎలా పెడతాడు, ఏం మోస్తాడు, ఎప్పుడు వస్తాడు, ఏం అంటాడు. మొదటి పది అందరికీ తట్టేవే ఉంటాయి, వాటిని కొట్టేయండి. అసలు సరుకు 15 దాటాక వస్తుంది. వాటిలోంచి ఐదు తీసుకుని, చిన్నదాంతో మొదలుపెట్టి పెద్దదానికి ఎక్కేలా వరసపెట్టండి. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, ఎక్కించే క్రమంలో రచయిత నిజాన్ని వదిలేసి అతిశయోక్తిలోకి దూకేస్తాడు. అతిశయోక్తి భాషలో ఉండాలి, విషయంలో కాదు. విషయం కొలిచినట్టు నిజం. మాట మాత్రం ఆకాశమంత.

ఇక కొలత. 60 సెకన్ల స్పాట్‌ను నిమిషానికి 80 దెబ్బల లయలో, నాలుగు దెబ్బల ఆవర్తనంలో పెట్టుకుంటే ఒక్కో ఆవర్తనం సరిగ్గా 3 సెకన్లు. మొత్తం 20 ఆవర్తనాలు. మొదటి రెండు బ్రాండు పేరుకు, వరస పేరుకు. తరవాతి రెండు నాయకుణ్ణి పేరుపెట్టి పిలవడానికి, వంత ఆ పేరును అందుకోవడానికి. పది ఆవర్తనాల్లో ఐదు పొగడ్తలు, ఒక్కోదానికి రెండేసి. అంటే 6 సెకన్లలో 4 మాటకు, 2 వంతకు. నాలుగు ఆవర్తనాలు సరుకు మాటకు. చివరి రెండు ట్యాగ్‌కు, అంటే ముగింపులో వచ్చే కంపెనీ పేరుకు, ఊరికి. ఇది మన అభ్యాసానికి వేసుకున్న లెక్క. బడ్ లైట్ స్పాట్లన్నీ ఇదే వేగంలో ఉన్నాయని కాదు. లెక్క ముందే ఉంటే ఏది కొట్టేయాలో వెంటనే తెలుస్తుంది. గంభీరంగా, ఊపిరి తీసుకుంటూ చదివితే తెలుగులో సెకనుకు రెండు మాటలకు మించి పట్టవు. మన మాటలు పొడుగు. 'మాట్లాడుకుంటున్నప్పుడల్లా' అన్నది ఒక్క మాటే, కానీ పలకడానికి సెకను దాటుతుంది. కాబట్టి 4 సెకన్లకు ఏడెనిమిది మాటలు. ఇంగ్లిషు స్క్రిప్టు చూసి అదే మాటల సంఖ్యతో తెలుగు రాస్తే, చదివేవాడు పరుగెత్తాలి. పరుగెత్తే గొంతుకు గాంభీర్యం ఉండదు. గాంభీర్యం లేకపోతే నవ్వు లేదు.

మన స్టేషన్లలో ప్రకటన ధర 10 సెకన్ల లెక్కన కడతారు కాబట్టి 60 సెకన్లు కొనే క్లయింటు అరుదు. 30 సెకన్లకు కుదించాలంటే ఐదు పొగడ్తలు రెండుకు తగ్గుతాయి. వంతను మాత్రం తగ్గించకండి. ఒక నమూనా చూద్దాం. సరుకు నిమ్మసోడా. అసలైన నిమ్మసోడానే, దాని వెనక ఇంకే సీసా లేదు. నాయకుడు, బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టే మనిషి.

(బస్సు వచ్చి ఆగే చప్పుడు, జనం తోపులాట. 3 సెకన్లు.)
గొంతు: వందనం, కిటికీ వీరుడు గారూ.
వంత: కిటికీ వీరుడూ...
గొంతు: బస్సు ఇంకా ఆగలేదు. మీ కర్చీఫ్ అప్పటికే కూర్చుంది.
వంత: కర్చీఫ్ కూర్చుందీ...
గొంతు: టికెట్టు లేదు. రిజర్వేషన్ లేదు. జానెడు గుడ్డముక్క. దానికి నలభై మంది తల వంచారు.
వంత: తల వంచారయ్యా...
గొంతు: చల్లటి నిమ్మసోడా తాగి రండి. సీటు ఎక్కడికీ పోదు.
వంత: దాని మీద కర్చీఫ్ ఉందీ...
(బ్రాండు పేరు, ఊరు.)

ఇందులో రెండు విషయాలు గమనించండి. గొంతు 'మీరు', 'గారు' తప్ప వాడదు. 'నువ్వు' అన్న క్షణంలో స్నేహం వచ్చేస్తుంది, దూరం పోతుంది, నవ్వు పోతుంది. రెండోది, సోడా ఎక్కడ వచ్చిందో చూడండి. సీటు దొరికాకే వచ్చింది. సోడా తాగడం వల్ల సీటు దొరకలేదు. బీరు ప్రకటనల్లో ఈ క్రమం చాలా ముఖ్యం. బీరు తాగకపోతే మనిషికి విజయం, హోదా దక్కవని చెప్పకూడదన్నది అక్కడి తయారీదార్ల నియమావళి. బండి నడపడానికి ముందు తాగినట్టు, మోతాదు మించి తాగినట్టు, 21 ఏళ్లు నిండనివాళ్లను ఆకట్టుకునేట్టు ఉండకూడదు. పని ముందు, బీరు తరవాత. ఈ వరసలో ప్రతి స్పాటూ అలాగే ముగుస్తుంది. నియమం కోసం పెట్టిన క్రమం హాస్యానికీ మేలే చేసింది, ఎందుకంటే పొగడ్త అయ్యాక వచ్చే బహుమానంగా సరుకు సహజంగా ఇమిడింది.

చివర్లో వచ్చే కంపెనీ పేరు, ఊరు గురించి ఒక మాట. చాలామంది దాన్ని శైలి అనుకుంటారు. అది చట్టం. అమెరికా కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం బీరు ప్రకటనలో ప్రకటనకర్త పేరు, నగరం, రాష్ట్రం (ఇప్పుడు ఊరి బదులు ఫోను, వెబ్‌సైట్ లాంటి సంప్రదింపు వివరమైనా చాలు), ఆ పానీయం ఏ రకమో చెప్పాలి. అందుకే ప్రతి స్పాట్ చివరా 'బీర్' అనే మాట, ఆన్‌హైజర్-బుష్, సెయింట్ లూయిస్, మిస్సోరి అని వినిపిస్తుంది. గొప్పతనం ఎక్కడంటే, ఆ తప్పనిసరి వాక్యాన్ని పరుగెత్తించి మింగేయకుండా అదే గంభీరమైన గొంతుతో, అదే నడకతో చదివించారు. మనకూ 'షరతులు వర్తిస్తాయి' అనే వాక్యం ఉంది. దాన్ని రెట్టింపు వేగంతో గొణిగిస్తే అప్పటిదాకా కట్టిన గొంతు ఒక్కసారిగా కూలిపోతుంది. దానికి 4 సెకన్లు ముందే పక్కన పెట్టండి.

ఇక స్టూడియో.

మైకుకూ నోటికీ జానెడు దూరం, మధ్యలో పాప్ ఫిల్టర్ (ప, బ లాంటి అక్షరాల గాలి దెబ్బను ఆపే జాలీ). గది ప్రతిధ్వని అసలు వినిపించకూడదు. చదివేవాళ్లు నవ్వుమొహంతో చదవకూడదు. పెదాలు సాగితే నోటి గొట్టం పొట్టిదై గొంతులో స్వరం పలచబడుతుంది. శ్రోత కళ్లతో చూడకపోయినా ఆ చిరునవ్వు చెవికి తెలిసిపోతుంది. మూడు టేకులు తీసుకోండి. మొదటిది మామూలుగా. రెండోది సంతాప సభలో చదువుతున్నట్టు. మూడోది అవార్డు ప్రశంసాపత్రం చదువుతున్నట్టు. సాధారణంగా మూడోది పనికొస్తుంది. రెండోది మరీ బరువెక్కుతుంది. కొన్ని వాక్యాలకు మాత్రం రెండోదే బంగారం, ముక్కలు కలుపుకోండి.

వంతను గొంతు తరవాతే రికార్డు చేయాలి. పాడేవాళ్లకు హెడ్‌ఫోన్‌లో గొంతు టేకు వినిపిస్తూ పాడించాలి. విడిగా పాడించి తరవాత అతికిస్తే స్పందన కాదు, స్టిక్కరులా ఉంటుంది. వాక్యం చివరి అక్షరం ఇంకా గాలిలో ఉండగానే, సెకనులో ఐదో వంతు ముందుగా, వంత అందుకోవాలి. ఆలస్యమైతే ఇద్దరూ వేరువేరు గదుల్లో ఉన్నట్టు అనిపిస్తుంది. అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఇక్కడే: పాడేవాళ్లు తమకు హాస్యం అర్థమైందని చూపించడానికి గొంతు వంకర తిప్పుతారు, రాగం సాగదీసి వెక్కిరిస్తారు. వద్దని చెప్పండి. డేవ్ బిక్లర్ ఆ స్పాట్లలో పాడింది స్టేడియంలో పాడినట్టే. మంచి గాయకుణ్ణి పెట్టుకుని, మంచి పాటే పాడించండి.

మిక్సింగ్‌లో గొంతు సంగీతం కంటే 6 నుంచి 10 డెసిబెల్స్ పైన ఉండాలి. వంత వచ్చినప్పుడు సంగీతం లేవాలి, గొంతు రాగానే దిగాలి. ఈ ఎక్కడం దిగడం చేత్తో చేయండి. పూర్తయ్యాక మోనోలో, అంటే కుడి ఎడమలు కలిపి ఒకే ఛానల్‌గా, వినండి. ఫోను చిన్న స్పీకర్లో వినండి. అక్కడ 200 హెర్ట్జ్ కిందివి దాదాపు వినిపించవు, మీ బాస్ గిటారు మీద నిలబెట్టిన ఉద్వేగం అంతా మాయమవుతుంది. అందుకే వంత పైస్థాయిలో పాడటం అవసరం.

హాస్యానికి విరామం ప్రాణం కదా, దాని దగ్గర ఎఫ్‌ఎం స్టేషన్ మనకు ఒక చిక్కు పెడుతుంది. ప్రసారానికి ముందు శబ్దాన్ని ఒక ప్రాసెసర్ గుండా పంపుతారు. అది చిన్న శబ్దాలను పైకి లాగుతుంది, పెద్దవాటిని నొక్కుతుంది. స్టూడియోలో మీరు అర సెకను విరామం ఇచ్చి, కింద సంగీతం సన్నగా ఉంచారనుకోండి. గాలిలోకి వెళ్లేసరికి ఆ సన్నని సంగీతం ఉబ్బి విరామాన్ని నింపేస్తుంది. నవ్వు రావాల్సిన చోట ఖాళీ ఉండదు. విరుగుడు ఒకటే. విరామం కావాలంటే సంగీతాన్ని పూర్తిగా కోసేయండి. మధ్యస్థంగా ఉంచొద్దు.

సరుకు చప్పుళ్ల దగ్గర కూడా ఇలాంటిదే ఒక ఉచ్చు ఉంది. బీరు క్యాన్ తెరిచే 'ష్‌ష్' చప్పుడు, నురగ చప్పుడు దాదాపు అంతా హెచ్చు పౌనఃపున్యంలో ఉంటుంది. ఎఫ్‌ఎం ప్రసారంలో హెచ్చు పౌనఃపున్యాలను పెంచి పంపి, రేడియో సెట్టులో తగ్గిస్తారు. దీన్ని ప్రీ-ఎంఫసిస్ అంటారు. ఆ పెంపు కొలత మన దేశంలో 50 మైక్రోసెకన్లు, అమెరికాలో 75. పెంచినప్పుడు ఆ 'ష్‌ష్' హద్దు దాటుతుంది, లిమిటర్ దాన్ని నలిపేస్తుంది. స్టూడియోలో మెరిసిన చప్పుడు రేడియోలో తడిగుడ్డ పిండినట్టు వస్తుంది. 8 కిలోహెర్ట్జ్ పైన కొంచెం తగ్గించి, దానికి ముందు వచ్చే 'టక్' అనే లోహపు చప్పుడును నిలబెట్టండి. చెవి గుర్తుపట్టేది ఆ 'టక్'నే.

పోసే చప్పుడు ఒక్కటే వినిపిస్తే అది వానో, పెనం మీద దోసెపిండో, గోళెంలో నీళ్లో తెలియదు. అందుకే వరస కావాలి. మూత, సీసా మెడలోంచి 'గుడగుడ', తరవాత గ్లాసు నిండుతున్న చప్పుడు. గ్లాసు నిండేకొద్దీ పైన మిగిలిన గాలి తగ్గుతుంది, చప్పుడు స్థాయి, అంటే శ్రుతి, పెరుగుతూ పోతుంది. ఆ పెరిగే స్థాయి వినగానే చెవికి గ్లాసు కనిపిస్తుంది. సోడాకైనా, మజ్జిగకైనా ఇదే. నిండుతున్న చప్పుడును మధ్యలో కోసి తక్కువ నిడివికి అతికిస్తే ఆ ఎక్కడం తెగిపోతుంది, బొమ్మ చెదురుతుంది. గ్లాసు చిన్నది తీసుకుని మళ్లీ రికార్డు చేయండి.

ఇదంతా ఈ ఒక్క వరసతో పుట్టింది కాదు. ఇంకో రెండు తీరులు క్లుప్తంగా చెబుతాను.

1960లలో న్యూజెర్సీలోని న్యూఆర్క్‌కు చెందిన బాలంటైన్ బీరుకు మెల్ బ్రూక్స్ రేడియో ప్రకటనలు చేశాడు. ఆయన 2500 ఏళ్ల వయసున్న బీరు తయారీ పెద్ద, డిక్ కావెట్ ఇంటర్వ్యూ చేసే కుర్రాడు. స్క్రిప్టు చదివించలేదు. కావెట్ ప్రశ్నలు వేస్తూ పోతుంటే బ్రూక్స్ అప్పటికప్పుడు జవాబులు కట్టేవాడు, అందులోంచి కోసి స్పాట్లు చేశారు. ఇక్కడ కూడా ప్రశ్న అడిగేవాడు నవ్వడు, గమనించారా? ఈ పద్ధతిలో ఖర్చు స్టూడియో సమయానిది, ఎడిటర్‌దీ. ఇద్దరు గొప్ప ఆశువు కళాకారులు లేకుండా దీని జోలికి వెళ్లకండి. సగటు కళాకారులతో చేస్తే నిమిషం నిడివి ఇకఇకలే మిగులుతాయి.

రెండోది న్యూయార్క్ పీల్స్ బీరు. 1955లో మొదలై బాబ్ ఇలియట్, రే గౌల్డింగ్ అనే రేడియో హాస్య జంట బెర్ట్, హ్యారీ అనే కల్పిత అన్నదమ్ములకు గొంతులిచ్చారు. ఒకడు పొట్టి, కోపిష్టి, అరుపు. ఇంకొకడు పొడుగు, నెమ్మది. టీవీలోనూ రేడియోలోనూ జనం వాళ్లను నెత్తిన పెట్టుకున్నారు. బీరు తాగి చూశారు. చాలామందికి రుచి నచ్చలేదు. 1960లో ఆ ప్రచారాన్ని ఆపేశారు. ప్రకటనల పాఠాల్లో ఇది పదేపదే వస్తుంది, వచ్చిన ప్రతిసారీ తప్పు హాస్యం మీదికి నెడతారు. ఆ తీర్పు సరికాదు. హాస్యం తన పని తాను చేసింది, జనాన్ని సీసా దాకా తీసుకొచ్చింది. సీసాలో ఉన్నదాన్ని హాస్యం మార్చలేదు. క్లయింటుతో మొదటి సమావేశంలోనే ఈ మాట మర్యాదగా చెప్పాలి. మంచి ప్రకటన నాసిరకం సరుకును త్వరగా ఎక్కువమంది చేత రుచి చూపించి, త్వరగా బయటపెడుతుంది.

హాస్యం తప్పు నిజంగా ఉండేది వేరే చోట. జోకు గుర్తుండి బ్రాండు పేరు గుర్తుండకపోవడం. బడ్ లైట్ వరస దీన్ని రెండు విధాలుగా అడ్డుకుంది. బ్రాండు పేరు మొదటి సెకన్లలోనే, పాట అచ్చులోనే ఉంది. పాటను తలచుకుంటే పేరు రాక తప్పదు. ఇక రెండోది, వేరే ఏ బీరుకూ ఆ అచ్చు పనికిరాదు, వాడితే బడ్ లైట్‌కే ప్రచారం. మీ స్పాట్‌లో బ్రాండు పేరు తీసేసి పోటీ కంపెనీ పేరు పెట్టి చదివి చూడండి. హాయిగా సరిపోతే, ఆ స్పాట్ మీ క్లయింటుది కానట్టే.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం.

(ప్రశ్న: ఒకేసారి ఎన్ని స్పాట్లు తయారుచేసుకోవాలి?)

అచ్చు ఒకటే కాబట్టి ఒక్క స్పాట్‌తో మొదలుపెట్టకూడదు. ఒక్కటే వింటే అది అచ్చు అని శ్రోతకు తెలియదు. కనీసం నాలుగు. గొంతు ఒక రోజు, వంత ఒక రోజు పెట్టుకుంటే నాలుగూ రెండు రోజుల్లో అవుతాయి, సంగీతం ఒకటే కాబట్టి ఖర్చు కలిసొస్తుంది. రోజులో నాలుగింటినీ తిప్పి వేయించండి. ఒకే గంటలో ఒకే స్పాట్ రెండుసార్లు పడకుండా షెడ్యూలింగ్ వాళ్లకు రాసివ్వండి, నోటితో చెబితే ఉండదు. నాలుగో వారానికి ఇంకో రెండు కొత్తవి చేర్చి, అన్నిటికంటే బలహీనమైన రెండు తీసేయండి.

(ప్రశ్న: వంతకు గాయకుడు దొరక్కపోతే కంప్యూటర్ గొంతు వాడొచ్చా?)

గొంతుకు వాడినా వంతకు వాడకండి. గొంతు వాక్యం వాక్యంగా నిలుస్తుంది, ఎలాగో సర్దుకోవచ్చు. వంత మాత్రం ముందు వాక్యం ఆఖరి అక్షరాన్ని విని, ఆ స్థాయి అందుకుని, దానికంటే ఒక మెట్టు పైన లేవాలి. ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా అందులో భాగమే, ఎడిటింగ్‌లో దాన్ని శుభ్రం చేసేయకండి. సినిమా గాయకుడే కావాలని లేదు. భజన బృందాల్లో, బుర్రకథ దళాల్లో, పెళ్లి బ్యాండుల్లో అలా అందుకునేవాళ్లు ప్రతి జిల్లాలో ఉన్నారు. వాళ్లను పిలిచినప్పుడు ఇది హాస్య ప్రకటన అని ముందే చెప్పకండి. ఒక మంచి మనిషిని పొగుడుతున్నాం, మనసుపెట్టి పాడమని చెప్పి మొదటి టేకు తీసుకోండి. టేకు అయ్యాక మొత్తం వినిపించి, విషయం చెప్పి, వాళ్ల అనుమతి తీసుకుని, ఒప్పుకున్న మొత్తం ఆ రోజే చేతికివ్వండి.